తంగేడు చెక్క

తెలంగాణ సంస్కృతి అనంగనే ఇయ్యాల ఎవరికైనా నాలుగు బొమ్మలు కండ్ల ముందరికొస్తయి. నెత్తిన బోనం ఎత్తుకున్న ఆడామె, తాంబాలంలో పేర్చిన బతుకమ్మ, ఒంటికి పసుపు పూసుకొని కొరడా పట్టిన పోతరాజు, గోచి పెట్టుకొని డప్పు కొడుతున్న మనిషి. 2014లో రాష్ట్రం వచ్చినాక ఈ బొమ్మలు సర్కారు ఆఫీసుల గోడల మీదికెక్కినయి. ఈ నాలిగిట్లో డప్పు కొట్టే మనిషి మా తాత. మా ఒక్కింటి తాత అని కాదు, ఊరూరికీ చివర ఉన్న మాదిగవాడల తాత. గోడ మీద ఆయన నవ్వుతుంటడు. ఊరి పని మీద డప్పు కొట్టేటప్పుడు మా తాత నవ్వంగ నేను చూడలేదు.

మొన్న ఒక హాస్టల్లో పిల్లలతో మాట్లాడుతుంటే ఒక పిల్లగాడు లేచి సూటిగా అడిగిండు. "డప్పు మన సంస్కృతా, మనకేసిన సంకెలా? ఒకాయన వచ్చి కొట్టమంటడు, ఇంకొకాయన వచ్చి కాలబెట్టమంటడు. ఏం చెయ్యాలె?" ఇది కొత్త ప్రశ్న కాదు. మా వాడలో నలభై ఏండ్లుగా నలుగుతున్నదే. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. డప్పు మీది తోలు ఎక్కడ్నుంచి వచ్చిందో, దాన్ని ఎవరు ఎవరి కోసం ఊనిండ్రో, కొట్టినందుకు ఏం దక్కిందో, కొట్టనంటే ఏం జరిగిందో చెబితే తప్ప జవాబుకు దారి దొరకదు. అది చరిత్ర పని. మన చరిత్రను ఇంకొకరు రాస్తరని ఎదురుచూసినంత కాలం మనం గోడ మీది బొమ్మలమే.

తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చేసి ముఖాన కొట్టిండు. ఆ పౌరుషం నాకిష్టం. ఆయనే రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. రాజుల చరిత్ర కాకుండ జనం తిండి, బట్ట, ఆట, పాట కూడా చరిత్రేనని తెలుగులో గట్టిగా చెప్పిన పుస్తకమది. మా చరిత్ర రాసుకోవాలన్న ధైర్యం కూడా అట్లాంటి పుస్తకాలు చదివినంకనే వచ్చింది. కాని ఒకటి అడగాలె. తెలంగాణను కోస్తావాళ్ళు చిన్నచూపు చూసిండ్రని మనం ఎంత కోపంగా చెప్పుకుంటమో, తెలంగాణ లోపల ఊరు వాడను చూసిన చూపు గురించి అంత కోపంగా ఎందుకు చెప్పుకోం? రాతప్రతుల కోసం వెతికినోళ్ళు చాలామంది. మా వాడకొచ్చి "మీ పురాణం ఏంది" అని అడిగినోళ్ళు చాలా ఆలస్యంగా వచ్చిండ్రు.

మాకు పురాణం ఉంది. దాని పేరు జాంబపురాణం. మా మూలపురుషుడు ఆదిజాంబవుడు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే ఆయన పుట్టిండు. ఈ ముక్క మా వాడలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. పంటలు ఇంటికొచ్చినాక డక్కలోళ్ళు వచ్చేటోళ్ళు. వాళ్ళు మా మీద ఆధారపడ్డ కులం. మాదిగలను తప్ప ఎవరినీ అడగరు. రాత్రిపూట వాడ నడుమ పటం విప్పి, దీపం పట్టి, కిన్నెర మీటుకుంట కథ చెప్పేటోళ్ళు. పటం మీద వరసగా బొమ్మలుంటయి. కామధేనువు కథ వచ్చినప్పుడు ఆడోళ్ళు కండ్లు తుడుచుకునేటోళ్ళు. దేవతలకు కామధేనువు మాంసం తినాలని ఆశ పుట్టిందట. కొయ్య చేతగాక జాంబవుణ్ణి పిలిచిండ్రట. వండిన కాడ తప్పు జరిగిందని శాపం మాత్రం మాకు పెట్టిండ్రట. చెప్పేవాళ్ళను బట్టి కథ మారుతది గాని శాపం మారదు. తిన్నది వాళ్ళు, మైలపడ్డది మేము. మా అవ్వ ఆ కథ విన్న ప్రతిసారీ "కోసినోనికి లేని పాపం కోపించినోనికి ఎట్ల పుణ్యమైతది" అని గొణిగేది. ఏ పుస్తకం చదవని మనిషి చేసిన విమర్శ అది.

చిందోళ్ళు వచ్చినప్పుడు ఇంకో తీరు. వాళ్ళది యక్షగానం, ఆడోళ్ళు కూడా వేషం కడతరు. గోసంగి వేషం కట్టి జాంబవుడే వచ్చి బాపనాయనతో వాదం పెట్టుకుంటడు. నేను ముందా, నువ్వు ముందా? నీ జంధ్యం ముందా, నా ఆరె ముందా? ఆ రాత్రి బాపనాయన వేషం ఓడిపోతుంటే వాడంతా కేకలు. తెల్లారితే మళ్ళీ మా అయ్య చెప్పులు చేతపట్టుకొని ఆ వీధిలోంచే పోవాలె. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ ఆట ఆడి బయటి ప్రపంచానికి చూపించింది. ఇంక ఎల్లమ్మ కథ చెప్పేటోళ్ళు బైండ్లోళ్ళు, వాళ్ళ చేతిలో జమిడిక. అంటే మాకు కవులున్నరు, నటులున్నరు, చరిత్రకారులున్నరు, బొమ్మలేసినోళ్ళున్నరు. అచ్చాఫీసు ఒక్కటే లేదు.

ఇప్పుడు తోలు సంగతి.

ఊళ్ళో పశువు చస్తే కబురు మాకు వచ్చేది. చచ్చినదాన్ని ఈడ్చుకొచ్చి ఊరి అవతల కోసి తోలు తీసేది మావాళ్ళే. పచ్చి తోలును కడిగి, సున్నం నీళ్ళల్ల రోజుల తరబడి నానబెట్టి, బొచ్చు గీకి, మళ్ళీ కడిగి లందలో వేసేటోళ్ళు. లంద అంటే తోలు ఊనబెట్టే గోలెం. ఆ లందలో పోసేది తంగేడు చెక్క నీళ్ళు. మా తాత, అయ్య గుట్టల పొంటి తిరిగి తంగేడు కొమ్మలు కొట్టుకొచ్చి, చెక్క ఒలిచి ఎండబెట్టేటోళ్ళు. దాన్ని దంచే పని మా అవ్వది. పెద్ద తోలైతే తిత్తిలాగా కుట్టి, లోపల చెక్క నింపి నీళ్ళు పోసి, చెట్టు కొమ్మకు వేలాడగట్టేది. చుక్క చుక్క కారుతది. కారిన నీళ్ళు మళ్ళీ పైన పొయ్యాలె. తంగేడు చెక్కలో ఉన్న వగరే తోలును కుళ్ళకుండ కాపాడుతది. పశువు ఎండకు చచ్చిందా, రోగంతో చచ్చిందా, తోలు చేతికి తగలంగనే చెప్పేటోడు మా తాత. రసాయనశాస్త్రం మా వాడలో వాసన కొడుతుండె. అందుకే ఎవరూ దాన్ని శాస్త్రమనలే, కంపు అన్నరు.

ఆ కంపులోంచే ఊరి వ్యవసాయం నడిచింది. కరెంటు మోటర్లు రాకముందు తెలంగాణ బావుల కింద పంట పండించింది మోట. ఎడ్లు ఏటవాలు దారిన దిగుతుంటే బొక్కెన పైకొస్తది, బొక్కెన కిందున్న తోలు తొండంలోంచి నీళ్ళు కాలువలో పడుతయి. ఆ తొండం కుట్టింది మేము. మోట గుంజే తోలుతాళ్ళు, ఎడ్ల మెడపట్టెలు, చెర్నాకోల, వార్లు, రైతు కాలికి చెప్పులు, అన్నీ మా లందలోంచి పోయినవే. తొండం చినిగితే మడి ఎండుతది. రాత్రి వేళ పిలిచినా పోయి కుట్టాలె. ఏడాది పొడుగునా ఇట్ల చేసినందుకు కల్లం కాడ మేర అని నాలుగు కుంచాల వడ్లు కొలిచేటోళ్ళు. కొలిచేటప్పుడు మనం అందనంత దూరంలో నిలబడాలె, పైనుంచి కొంగులో పొయ్యాలె. కాకతీయులు చెరువులు తవ్వించిండ్రని బడి పుస్తకంలో చదివినం. నిజమే, గొప్ప పనే. కాని చెరువు లేని ఊరికి నీళ్ళు తోడిన తొండం గురించి ఒక్క వాక్యం ఏ పాఠంలోనూ నాకు దొరకలేదు.

డప్పు ఈ తోలు పనిలో చివరి వస్తువు, చిన్న వస్తువు. కట్టె ముక్కలు గుండ్రంగ వంచి కట్టిన పలక మీద మేకతోలు పరిచి, చింతగింజల అంబలితో అంటించి, బిగించి ఎండబెడతరు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్న పుల్ల. కొట్టేముందు మంట కాపాలె, లేకుంటే పలకదు. చావుకు ఒక దెబ్బ, పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒకటి, పీరీలు లేచినప్పుడు అలావా చుట్టూ ఆడేందుకు ఇంకొకటి. చాటింపు దెబ్బ వేరు. మొహర్రంకు సాయిబులు, కాపులు, మేము అందరం ఒకే గుండం చుట్టూ తిరిగేటోళ్ళం. కాని పొద్దుటిదాకా డప్పు దించరాదన్న హుకుం మాకొక్కరికే. దూరంనుంచి దెబ్బ విని ఊళ్ళో ఎవరు పోయిండ్రో, ముసలోళ్ళా పడుచువాళ్ళా చెప్పేది మా నాయినమ్మ.

ఈ పనంతా వెట్టి. నిజాం కాలంలో వెట్టి ఎట్లుండెనో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వచ్చిన తెలంగాణ పోరాటం పుస్తకంలో వివరంగా రాసిండు. అంటరాని కులాల ఇంటింటి నుంచి ఒక మనిషి వంతులవారీగా వెట్టికి పోవాలె. దొరకు చెప్పులు ఊరకనే కుట్టియ్యాలె. కాగితం ఇస్తే ఇంకో ఊరికి నడిచిపోయి అందియ్యాలె, సర్కారు మనిషొస్తే కచ్చరం ముందర ఉరకాలె. మా తాత ఆ పుస్తకం చదవలే. కాని చదివి వినిపిస్తుంటే, "ఒకటి రాయలే" అన్నడు. "ఏంది తాతా?" అంటే, "దొర వేటకు పోతే డప్పుల్తోని పందులను తరిమేది మేము. పంది మా దిక్కే వచ్చేది. బర్మారు దొర దిక్కు ఉండేది" అన్నడు. ఆయన తమ్ముడు అట్లనే తొడ చినిగి చనిపోయిండట. ఆ చావుకు డప్పు కొట్టింది ఆయన అన్నదమ్ములే.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో మావాళ్ళున్నరు. సంఘం వచ్చినంక "నీ బాంచెన్" అనే మాట కొన్నేండ్లు ఊళ్ళో వినపడలే. పది లక్షల ఎకరాలు పంచినమని పార్టీ లెక్క చెప్పింది. మా వాడకు ఎకరం గూడ నిలువలే. 1948 సెప్టెంబర్ల యూనియన్ సైన్యం వచ్చింది, దాని వెనక దొర తిరిగొచ్చిండు, ఈసారి ఖద్దరు తొడుక్కొని వచ్చిండు. అయినా ఆ పోరాటాన్ని తక్కువ చెయ్యను. దొర ముందర తల ఎత్తొచ్చని మా తాతకు మొదట తెలిసింది అప్పుడే.

అసలు మాట ఇక్కడుంది. 1950లో రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంలో ఇంకా స్పష్టంగా రాసిండ్రు: అంటరానితనం పేరుతో కళేబరం ఎత్తమని, తోలు తియ్యమని, బొడ్డు కొయ్యమని, అట్లాంటి ఇంకే పనైనా చెయ్యమని ఎవరినీ బలవంతపెట్టరాదు. ఆ చట్టం రాసిన మనిషెవరో గాని మా అయ్య పని, మా అవ్వ పని రెండూ తెలిసినోడే. మా అవ్వ ఊరందరికీ మంత్రసాని. అందరి పిల్లల బొడ్డు కోసిన చెయ్యి, అదే పిల్లలు పెద్దగైనంక తాకరాని చెయ్యి. ఇన్ని చట్టాలు వచ్చినా వెట్టి పోలేదు. పేరు మార్చుకుంది. వెట్టి అనడం మానేసి ఆచారం అన్నరు. "మీ తాతలనాటి ఆచారం రా, ఊరికి అరిష్టం వస్తది, మానొద్దు" అన్నరు. పనికి కూలి అడగొచ్చు, ఆచారానికి కూలి ఎట్ల అడుగుతం? అందుకే 'సంస్కృతి' అనే మాట వినంగనే నేను ముందుగాల దాని చేతిలో ఏముందో చూస్తా.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిండ్రు. తాగే నీళ్ళ చెరువుకాడ పశువుల కుడితి బకెట్లు కడుగుతుంటే అడ్డుకున్నందుకు మొదలైన గొడవ. ఆ చావుల్లోంచి దళిత మహాసభ పుట్టింది. ఆంధ్రలో జరిగిన ఈ సంగతి మా దాకా ఎట్ల వచ్చిందంటే, మా ఊరి నుంచి పట్నం పోయి చదువుకుంటున్న ఒక పిల్లగాడు కరపత్రాలు తెచ్చిండు. వాడకట్టు రావిచెట్టు కింద చదివిండు. మా అయ్య చుట్ట ఆర్పేసి విన్నడు. మర్రోజు నుంచి ఆయనలో ఏదో మారింది.

1987లో ఊరి పెద్ద ఒకాయన తల్లి పోయింది. కబురొచ్చింది. మా అయ్య పోలే. రెండోసారి సుంకరి వచ్చిండు. అయ్య గడప మీద కూసుండి, "పటేలుకు చెప్పు. మనిషి పోయింది, బాధే. మోస్తమంటే నలుగురం వచ్చి మోస్తం. డప్పు మాత్రం ఊరకనే కొట్టం. మనిషికి ఇరవై రూపాలు, భోజనం అందరితో పాటు ఆకుల" అన్నడు. ఇరవై రూపాలు పెద్ద లెక్క కాదు. వాళ్ళకు మండింది భోజనం మాట.

తెల్లారి నుంచి ఊరు బందైంది. దుకాణంలో ఉప్పు ఇయ్యలే. గిర్నీ కాడ జొన్నలు పట్టలే. కూలికి పిలవలే. మా మేకలు ఏ పొలం గట్టున కనపడినా బందెలదొడ్డికి తోలిండ్రు. పదకొండు వారాలు. ఆ పదకొండు వారాలు వాడ ఏం తిన్నదో రాస్తే అది ఇంకో వ్యాసం. ఆడోళ్ళు ఆరు మైళ్ళు నడిచి పక్క ఊరి సంతకు పోయొచ్చేటోళ్ళు. మా వాడలోనే కొందరు "నీ పౌరుషానికి మా పిల్లలు పస్తులుండాల్నా" అని అయ్య మీద లేచిండ్రు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఆకలి ముందర ఎవరి వాదం వాళ్ళకుంటది. ఆఖరికి నాట్ల కాలం వచ్చింది, కూలోళ్ళు లేక ఊరే దిగొచ్చింది. మనిషికి పదిహేను రూపాలు ఒప్పుకున్నరు. ఆకు ఒప్పుకోలే, బియ్యం కొలిచిస్తమన్నరు. మా అయ్య ఆ రాజీకి సంతకం పెట్టలే. పంచాయితీల వేలిముద్ర వేసింది వేరేవాళ్ళు. ఆయన అప్పట్నుంచి ఊరి చావుకు డప్పు పట్టలేదు. మా వాడ చావుకు మాత్రం అందరికన్నా ముందు మంట వేసేటోడు.

ఈ ఒక్క విషయం చెప్పేందుకే ఇంత రాసిన. ఆయన డప్పును కాలబెట్టలే. ఎవరికి కొట్టాలో తానే తేల్చుకుండు.

ఇక దేవతలు. తెలంగాణ ఆడదేవతల్లో పెద్దది ఎల్లమ్మ. పరశురాముడు తల్లిని చంపేందుకు గొడ్డలి పట్టుకొని తరుముతుంటే, ఆమెకు ఏ ఇంటా తావు దొరకలే. మాతంగి ఇంటికొచ్చింది. మాదిగ లందలో దాక్కుంది. ఆమెతో పాటు మాతంగి తల కూడా తెగింది, అతికేటప్పుడు తలలు తారుమారైనయి. అందుకే మా వాడలో లందకు బొట్టు పెట్టి మొక్కుతరు. ఊరు ముక్కు మూసుకునే గోలెం మాకు గుడి. బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆడబిడ్డకు, మాతంగికి ఉన్న చుట్టరికం మా ముసలోళ్ళు చెప్పంగ విన్న. ఏడాదికొక్కరోజు దేవత పూనకంలో ఆ మాతంగి పెద్ద కులాలోళ్ళను తిట్టొచ్చు, వాళ్ళు తలొంచుకొని వినాలె. దీన్ని కొంతమంది మేధావులు ధిక్కారమని రాస్తరు. ఏడాదిలో మిగతా దినాలు ఆమె బతుకేందో వాళ్ళు రాయరు.

మా తాత మేనత్తను చిన్నప్పుడే దేవతకిడిచిండ్రు. జోగిని. మెడల దండ, చేతిల పడలిక. ఆమె ఎవరింటి కోడలు కాదు, ఊరిలో పెత్తనం చేసే ప్రతి మగవాడూ ఆమె గుడిసె తలుపు తట్టొచ్చు. ఆమె కొడుక్కు బడిలో తండ్రి పేరు రాయించాల్సొచ్చినప్పుడు దేవత పేరే రాసిండ్రు. 1988లో దేవదాసీ, జోగిని, మాతమ్మ లాంటి పద్ధతులను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆమె అప్పటికి ముసలిది. చట్టం వచ్చిందని చెబితే నవ్వి, "దేవతకు తెలుసునా?" అన్నది. ఎల్లమ్మను మనదని చెప్పుకునేటప్పుడు ఈమెను కూడా మనదని చెప్పుకోవాలె. ఒకరిని తీసుకొని ఇంకొకరిని దాచిపెడితే కుదరదు.

భాగ్యరెడ్డి వర్మ ఈ సంగతి చాలా ముందు చూసిండు. హైదరాబాద్‌లో 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, జోగిని, మురళి ఆచారాల మీద, జంతుబలుల మీద, తాగుడు మీద పోరాడిండు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై, పంచములు కాదు ఆదిఆంధ్రులం అనిపించిండు. ఆయన మీద నాకు గౌరవం. అయితే ఆయన తరం సంస్కర్తలకు మా వాడ వాసనంటే సిగ్గు కూడా ఉండె. కల్లు, కోడి, డప్పు, చిందు అన్నీ వదిలితేనే మనిషి అయితమని నమ్మిండ్రు. ఆ కాలానికి అది అర్థమైతది, ఎందుకంటే అప్పుడు డప్పు అంటే హుకుం ఒక్కటే. తర్వాత గద్దర్ లాంటి వాళ్ళు గొంగడి, డప్పు పట్టుకొని వేదికెక్కినంక అదే తోలు వేరే తీరు మోగింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ, తోటివాళ్ళు పెట్టిన ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. దండోరా అంటే మా చాటింపే కదా. నిన్నటిదాకా దొర మాట చాటిన దెబ్బ ఆ ఏడాది నుంచి మా మాట చాటింది. పేరు చివర మాదిగ అని రాసుకోవడం మొదలైంది కూడా అప్పుడే. 1995లో 'చిక్కనవుతున్న పాట' కవిత్వ సంకలనం వచ్చినప్పుడు దాని జిరాక్సు కాగితాలు మా హాస్టల్లో చేతులు మారినయి. నేను నా పేరు పూర్తిగా రాసుకున్నది ఆ ఏడాదే.

తంగేడు సంగతికి మళ్ళీ వస్తా. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ. గునుగు, తంగేడు లేకుంటే బతుకమ్మ లేదు. తెల్లారకముందే గుట్టలెక్కి పువ్వు తెచ్చేది మా వాడ పిల్లలు, బీసీ పిల్లలు. అయ్య చెక్క ఒలిచిన పొదలు మాకు తెలుసు గదా, ఎక్కడ ఇగురేస్తయో, ఎక్కడ బాగా పూస్తయో కూడ మాకే తెలుసు. తట్టల కొద్దీ తెచ్చి ఊళ్ళో ఇండ్ల ముందర కుమ్మరిస్తే పాతబట్టో, సద్దిపిండో పెట్టేటోళ్ళు. గుడి ముందర పెద్ద బతుకమ్మలు పెట్టి వాళ్ళు ఆడుతుంటే, మావాళ్ళు దూరంగ వాడలో ఆడేది. చెరువు కాడ మా బతుకమ్మలు వాళ్ళవన్నీ సాగిపోయినంక, కింది రేవులో వెయ్యాలె. ఒకే గుట్ట పువ్వు, ఒకే చెరువు నీళ్ళు. గడీల కాలంలోనైతే దొర చూసేందుకు గడీ ముందర ఆడాల్సొచ్చేదని మా నాయినమ్మ చెప్పేది. ఆమె ఎన్నడూ బతుకమ్మ పాట సంతోషంగా ఎత్తుకోలే. నా బిడ్డ కాలేజీల ఆడి ఫొటో పంపితే చూసి మురిసింది మాత్రం ఆమే. రెండూ నిజాలే.

2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలైనయి. అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పమైంది. సంతోషమే. కాని పువ్వుకు దక్కిన మర్యాద చెక్కకు దక్కలే. మోట పోయింది, తొండం పోయింది, ప్లాస్టిక్ చెప్పులొచ్చినయి, లందలు పూడిపోయినయి. పని పోయిందని ఏడ్వను, ఆ పని నా పిల్లలకు వద్దు. ఆ పనిలో ఉన్న తెలివికి ఏ విశ్వవిద్యాలయంలోనూ కుర్చీ లేదన్నదే నా గోస. ఇప్పుడు డప్పుకు కూడా తోలు లేదు, ఫైబరు రేకు బిగిస్తున్నరు. మంట కాపే పని తప్పింది. వానకు తడవదు. కొట్టేటోడు మాత్రం మారలే. పెద్దకులం పిల్లలు గిటారు నేర్చుకుంటరు, తబలా నేర్చుకుంటరు. చావు కాడ డప్పు నేర్చుకున్నోణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

పద్మశ్రీలు కూడా వచ్చినయి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి మొగులయ్యకు 2022లో, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో. టీవీల చూసి మా వాడ చప్పట్లు కొట్టింది. వర్గీకరణ కూడా ముప్పై ఏండ్ల కొట్లాట తర్వాత వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలకు ఆ అధికారం ఉందన్నది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు భాగాలు చేసిండ్రు. మాల సోదరులతో మా తగువు ఈ చట్టంతో తీరుతదని నేననుకోను. ఒకే అంబేద్కర్ బొమ్మ కింద రెండు సభలు పెట్టుకున్న దినాలు గుర్తున్నయి. చుండూరులో 1991 ఆగస్టు 6న చనిపోయిన ఎనిమిది మంది మాకు కూడా అన్నదమ్ములే. అది మాట్లాడుకోవాల్సిన ఇంకో సంగతి.

డక్కలోళ్ళ గురించి మాత్రం ఇక్కడే చెప్పాలె. మా పురాణాన్ని తరతరాలు నోట్లో పెట్టుకొని కాపాడిన మనిషిని మా వాడ ఇంట్ల కూసోపెట్టలే. వాడ చివర చింతచెట్టు కింద దిగేటోళ్ళు. అన్నం దూరం నుంచి పెట్టేటోళ్ళు. ఊరు మాకు కొలిచిన దూరమే మావాళ్ళు వాళ్ళకు కొలిచిండ్రు. మనువు మన వాడలోకి ఎట్ల వచ్చిండో తెలుసుకోవాలంటే పుస్తకాలక్కరలేదు, ఆ చింతచెట్టు చాలు. మా అయ్య ఒక్కడు డక్కలాయన్ను ఇంట్లకు పిలిచి పీట వేసిండు, 1987 తర్వాత. పక్కింటోళ్ళు రెండు నెలలు మా నీళ్ళ బిందె తాకలే.

ఆ డక్కలాయన మనుమడు పోయిన ఏడాది మా వాడకొచ్చిండు. డిగ్రీ చదివిండు, సెల్‌ఫోను ఉంది, పటం లేదు. తాత చనిపోయినంక మందులకు చేసిన అప్పు కింద పట్నంలో బొమ్మలు కొనేటాయనకు అమ్మేసినమన్నడు. ఎంతకు అంటే, ఏడువేలకు. కథ మాత్రం తాత చెబుతుంటే కొంత రికార్డు చేసిండట. ఫోను తీసి వినిపించిండు. కామధేనువు కాడికొచ్చేసరికి దగ్గు వచ్చి ఆగిపోయింది. మిగిలింది చెప్పేటోళ్ళు ఇంకెవరున్నరని అడిగితే, అవతలి మండలంలో ఒక ముసలాయన ఉన్నడు, ఆయనకు కండ్లు కనపడవు గాని కథంతా వస్తదన్నడు. హాస్టల్ పిల్లగాడా, నువ్వడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గరున్నది ఇంతే. వచ్చే ఆదివారం మేమిద్దరం ఆ ఊరికి పోతున్నం. బస్సు పొద్దున ఆరింటికి. నువ్వు కూడా రా. రాసుకునేందుకు లావుపాటి నోటుబుక్కు ఒకటి తెచ్చుకో.